ప్రయోగశాలలో పెంచిన చర్మము: పరీక్షకు నిలుచునదెంత?

మానవ దేహమునందలి మిక్కిలి పెద్ద అవయవములలో చర్మమొకటి. పెద్దవారికి అది ఇంచుమించు రెండు చదరపు మీటర్లుండును. నీటిని లోపల నిలుపుట, సూక్ష్మజీవులను వెలుపలనే ఆపుట, చెమట పోసి దేహమును చల్లబరచుట, వేడిని, ఒత్తిడిని, నొప్పిని మెదడునకు తెలుపుట, ఇవన్నియు దాని పనులే. ఇట్టి అవయవమును చిన్న గిన్నెలలో పెంచుచున్నారనిన ఆశ్చర్యము కలుగుట సహజము. ఆశ్చర్యముతో పాటు తొందరపాటు మాటలును కొన్ని వ్యాపించినవి. వానిలో మూడు తరచుగా వినబడును. ప్రయోగశాలలో పెంచినది మానవ చర్మమే అనునది మొదటిది. దానివలన జంతువులతో పని పూర్తిగా తీరినదనునది రెండవది. దానిపై హాని చేయని పదార్థము మనుష్యునికిని హాని చేయదనునది మూడవది.

ఈ మూడింటిలోను సత్యమున్నది. ఏ ఒక్కటియు పూర్ణసత్యము కాదు. ఈ విషయము పరిశోధకులకు బాగుగనే తెలియును. వార్తలు చదువువారికి, పాఠములు చెప్పువారికి తెలియుట కూడ అంతే అవసరము. పసుపు ఉడికించు కూలి, చెరకు నరుకు కూలి, పొలములో పురుగుమందు కొట్టు కూలి తమ చర్మమును ఆధారము చేసికొని బ్రతుకుచున్నారు. పరీక్షాఫలితము ఎవరి చర్మమును గూర్చి చెప్పుచున్నదో తెలియకపోయిన, దానివలని నష్టము మొదట వారికే కలుగును.

ఒక పేరు, మూడు వస్తువులు

కృత్రిమ చర్మము అను పేరు క్రింద మూడు వేర్వేరు వస్తువులను కలిపివేయుట పరిపాటియైనది. వానిని విడదీయనిదే విచారణ సాగదు.

మొదటిది జీవకణములు లేని కప్పు. అమెరికాలో ఇయోనిస్ యన్నాస్ అను శాస్త్రజ్ఞుడును, జాన్ బర్క్ అను శస్త్రవైద్యుడును కలిసి దీనిని రూపొందించిరి. ఆవునుండి తీసిన కొల్లాజెన్‌ను, సొరచేప మృదులాస్థినుండి తీసిన మరియొక పదార్థమును కలిపి అల్లిన జల్లెడవంటి పొర ఇది. దానిపై పలుచని సిలికోన్ రేకుండును. తీవ్రముగా కాలిన రోగులపై దీనిని వాడిన ఫలితములు 1981లో వెలువడినవి. రోగి దేహములోని కణములు ఈ అల్లికలోనికి ప్రాకి క్రొత్త అంతశ్చర్మమును నిర్మించుకొనును.

రెండవది రోగి సొంత కణములను పెంచి అతనికే తిరిగి అతుకు పొర. 1975లో జేమ్స్ రైన్‌వాల్డ్, హోవర్డ్ గ్రీన్ అను శాస్త్రజ్ఞులు మానవుని బాహ్యచర్మ కణములను దేహము వెలుపల విస్తారముగా వృద్ధిచేయు మార్గము కనుగొనిరి. 1983లో బోస్టన్ నగరమున, దేహములో నూటికి 95 పాళ్ళకు పైగా కాలిన ఇద్దరు బాలురకు, మిగిలిన కొద్దిపాటి చర్మమునుండి పెంచిన పొరలను అతికి ప్రాణములు కాపాడిరి. ఈ మార్గమునకు దగ్గర చుట్టమైన చికిత్స తెలుగునాటను జరుగుచున్నది. హైదరాబాదులోని ఎల్. వి. ప్రసాద్ నేత్రవిజ్ఞాన సంస్థలో 2001 నుండి, నల్లగ్రుడ్డు అంచునందలి మూలకణములను ప్రయోగశాలలో పెంచి, రసాయనములచే కాలిన కన్నులపై అతుకుచున్నారు.

మూడవది చికిత్సకు కాక పరీక్షకై పెంచు చర్మము. ఇది ఏ రోగికిని అతుకబడదు. ఒక పదార్థమును దానిపై వేసి, కణములు బ్రతికినవా, చచ్చినవా అని చూచి, పిదప దానిని పారవేయుదురు. ఈ వ్యాసమునకు విషయము ఇదియే. మొదటి రెండింటికి రోగి కోలుకొనుటయే గీటురాయి. మూడవదానికి గీటురాయి వేరు: అది చెప్పు జవాబు జీవించియున్న మనుష్యుని చర్మము చెప్పు జవాబుతో సరిపోవునా, లేదా? మొదటి రెండు సాధించిన విజయములను చూపి మూడవదానిని పొగడుట తర్కమునకు నిలువదు.

పెంచు విధము

శస్త్రచికిత్సలలో తీసివేసిన చర్మపు ముక్కలను దాతల అనుమతితో గ్రహించి, ఎంజైములతో బాహ్యచర్మ కణములను విడదీయుదురు. అవి పోషకద్రవములో వృద్ధి పొందిన తరువాత, అడుగున సన్నని రంధ్రములు గల పొరను అమర్చిన చిన్న గిన్నెలలో వానిని పరచుదురు. ఒక్కొక్క గిన్నెలోని చర్మము సుమారు అర చదరపు సెంటీమీటరు మాత్రమే. మొదట కణములు ద్రవములో మునిగియుండును. తరువాత పైనున్న ద్రవమును తీసివేయుదురు. అప్పుడు కణములకు క్రిందినుండి ఆహారమును, పైనుండి గాలియు లభించును.

ఈ గాలి తగులుటయే కీలకము. పుట్టిన బిడ్డ చర్మము గాలిలోనికి వచ్చినట్లే గిన్నెలోని కణములును గాలి సోకగానే దొంతరలుగా పేరుకొనును. అడుగు వరుస విభజన పొందుచుండును. పై వరుసలు చదునై, కెరాటిన్ నింపుకొని, చచ్చి, ఒకదానిపై నొకటి అతుకుకొనును. కొన్ని దినములలోనే పైన నిర్జీవమైన కొమ్ముపొర ఏర్పడును. నిజమైన చర్మములో దేహమునకు కోటగోడ ఈ పొరయే. ఇటుకలవంటి మృతకణములు, వాని నడుమ సున్నమువంటి క్రొవ్వుపదార్థములు కలిసి ఆ గోడను కట్టుచున్నవి. దాని మందము మిల్లీమీటరులో నూరవ వంతో, ఏబదవ వంతో ఉండును. అయినను నీరు, విషము, సూక్ష్మజీవి చాలవరకు దానివద్దనే నిలిచిపోవును.

కొందరు దీని క్రింద అంతశ్చర్మమును కూడ చేర్చుదురు. 1979లో యూజీన్ బెల్ అను శాస్త్రజ్ఞుడు, తంతుకణములను కొల్లాజెన్ జిగురులో నాటిన, అవి ఆ జిగురును లాగి బిగించి గట్టి పొరగా మార్చునని చూపెను. రెండు పొరలు గల నమూనాలకు ఇది పునాది.

ఇక ఇందులో లేనివేవి? సామాన్యముగా పరీక్షలకు వాడు నమూనాలో రక్తనాళములు లేవు. నాడులు లేవు. వెండ్రుక కుదుళ్ళు, చెమటగ్రంథులు, నూనెగ్రంథులు లేవు. శత్రువును గుర్తుపట్టి రక్షణవ్యవస్థకు కబురంపు లాంగర్‌హాన్స్ కణములు లేవు. కనుక మొదటి మాటను సవరింపవలసియున్నది. ఇది మానవకణములతో కట్టిన బాహ్యచర్మపు గోడ. ఇంటి గోడను చూపి ఇల్లంతయు చూపితిమనుట ఎంత నిజమో, దీనిని మానవ చర్మమనుట అంత నిజము.

పరీక్ష జరుగు తీరు

1944లో అమెరికాకు చెందిన జాన్ డ్రేజ్ పేరున ప్రసిద్ధమైన పద్ధతి బయలుదేరినది. కుందేలు వీపుపై రోమములు తీసి, పదార్థమును పూసి, ఎరుపును, వాపును కంటితో చూచి అంకెలు వేయుటయే ఆ పద్ధతి. అంతర్జాతీయ ఆర్థిక సహకార సంస్థ నియమములలోను చాలకాలము ఇదియే ప్రమాణముగా నిలిచినది. పదార్థమును 4 గంటలుంచి, తీసివేసి, తరువాత 24, 48, 72 గంటలకు మచ్చను పరిశీలింతురు. ఆ సంస్థయే పెంచిన చర్మముపై పరీక్షలను కూడ క్రమముగా అంగీకరించినది. చర్మమును శాశ్వతముగా దహించు పదార్థములను గుర్తించు పరీక్షకు 2004లోను, తాత్కాలికముగా మంట పుట్టించు పదార్థములను గుర్తించు పరీక్షకు 2010లోను ఆమోదము లభించినది.

మంట పరీక్ష సులభముగా బోధపడును. పదార్థమును గిన్నెలోని చర్మముపై వేసి, నమూనానుబట్టి పావుగంటనుండి గంటవరకు ఉంచి, కడిగివేయుదురు. పిదప 42 గంటలు కణములను తమ దారిన విడిచిపెట్టుదురు. అటుతరువాత ఎమ్‌.టి.టి. అను పసుపుపచ్చని రంగుద్రవమును అందించుదురు. బ్రతికియున్న కణములు దానిని ఊదారంగుగా మార్చగలవు. చచ్చినవి మార్చలేవు. ఊదారంగు ఎంత చిక్కగా వచ్చినదో యంత్రముతో కొలిచి, మందు తగులని చర్మముతో పోల్చుదురు. బ్రతికిన కణములు సగము, లేక అంతకు తక్కువ అయిన, ఆ పదార్థము మంట పుట్టించునదని నిర్ణయము. ప్రతి పరీక్షలోను ఒక ప్రక్క హాని చేయని ద్రవమును, మరియొక ప్రక్క తప్పక హాని చేయు సబ్బుజాతి రసాయనమును పరీక్షించి, చర్మము సరిగా పెరిగినదా అని చూచుకొందురు.

ఈ పద్ధతియందలి సుగుణములు స్పష్టము. కంటి అంచనాకు బదులు కొలత వచ్చినది. ఒక ప్రయోగశాల ఫలితమును మరియొక ప్రయోగశాల సరిచూడవచ్చును. కణములు మానవునివి. బాధపడు ప్రాణి లేదు. ఐరోపాలో 2013 నాటికి జంతువులపై పరీక్షించిన అలంకరణ సామగ్రి అమ్మకము నిషిద్ధమైనది. మన దేశమునందు 2014 మే మాసమున అట్టి పరీక్షలను, అదే సంవత్సరము నవంబరులో అట్టి వస్తువుల దిగుమతిని నిషేధించిరి. 2023లో క్రొత్త మందుల నియమములను సవరించి, జంతువులు లేని పద్ధతులకు కూడ చోటు కల్పించిరి. చేతిలో మరియొక సాధనము లేనిచో ఇట్టి శాసనములు అమలు కావు.

జంతువు నిజముగా తొలగినదా?

రెండవ మాటను ఇప్పుడు పరీక్షింపవచ్చును. 1959లో ఇంగ్లండునందు రసెల్, బర్చ్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు జంతుప్రయోగములకు మూడు సూత్రములు చెప్పిరి: సాధ్యమైనచోట జంతువునకు బదులు మరియొకటి వాడుట, వాడవలసి వచ్చిన సంఖ్య తగ్గించుట, బాధ తగ్గించుట. పెంచిన చర్మము మొదటి సూత్రమునకు ఉదాహరణముగా చెప్పబడుచున్నది. కాని దానిని పెంచు గదిలోనికి తొంగిచూచిన జంతువు మరియొక ద్వారమున ప్రవేశించుట కనబడును. కణవర్ధనములో చాలకాలముగా వాడు పోషకద్రవమునందు ఆవు గర్భస్థ పిండముయొక్క రక్తపు సీరమున్నది. కొల్లాజెన్ తరచుగా ఎలుక తోకనుండియో, పశువునుండియో వచ్చును. రైన్‌వాల్డ్, గ్రీన్ పద్ధతిలో మానవకణములకు ఊతగా నిలిచినవి ఎలుక కణములు. సీరము లేని ద్రవములు వచ్చినవి, ఇంకను వచ్చుచున్నవి. అయినను జంతువు లేదు అను మాటకు, పరీక్షించు బల్లపై లేదు అను అర్థమే చాలచోట్ల సరిపోవును.

ఇంతకన్న లోతైన చిక్కు మరియొకటి కలదు. క్రొత్త తరాజు సరియైనదో కాదో తెలియవలెనన్న పాత తరాజుతో పోల్చవలెను. ఇక్కడ పాత తరాజు కుందేలు. పెంచిన చర్మమునకు ఆమోదమిచ్చునపుడు దాని జవాబులను ముఖ్యముగా కుందేలు ఇచ్చిన జవాబులతోనే సరిపోల్చిరి. అయితే కుందేలు చర్మము మానవ చర్మముకంటె సులభముగా పదార్థములను లోనికి రానిచ్చును. చెక్ దేశ పరిశోధకులు 2010లో ప్రకటించిన పరిశీలన ఈ సందర్భమున గుర్తుంచుకొనదగినది. కుందేలుపై మంట పుట్టించునవిగా తేలిన 16 పదార్థములను స్వచ్ఛందముగా వచ్చిన మనుష్యులపై జాగ్రత్తగా పరీక్షింపగా, వానిలో 5 మాత్రమే గణనీయముగా మంట పుట్టించినవి. పెంచిన చర్మము జవాబులు కుందేలు జవాబులకంటె మానవుని జవాబులకు దగ్గరగా వచ్చినవి.

దీనినుండి రెండు సంగతులు తెలియుచున్నవి. కుందేలుతో సరిపోవకపోవుట పెంచిన చర్మమునకు ప్రతిసారియు లోపము కాదు, ఒక్కొక్కప్పుడు గుణమే. కుందేలుతో సరిపోవుట కూడ ప్రతిసారియు గుణము కాదు. తప్పు చెప్పు తరాజునకు దిద్దిన తరాజు ఆ తప్పునే మరింత నిలుకడగా చెప్పగలదు. కనుక పెంచిన చర్మమును విమర్శించువారు కుందేలును తిరిగి తెమ్మనుటకు ఆధారము లేదు. వారు అడుగదగినది, మానవులనుండి లభించిన సమాచారముతో దానిని మరింత సరిచూడుమని.

పోచంపాడు ఆయకట్టులో

మూడవ మాట అన్నింటికంటె ముఖ్యమైనది. దానిని ఒక ప్రదేశమునకు అన్వయించి చూచిన తేటపడును. గోదావరిపై పోచంపాడువద్ద 1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట ఇప్పుడు శ్రీరాంసాగర్ పేరున ప్రసిద్ధము. ఆర్మూరు, బాల్కొండ ప్రాంతములు పసుపుపంటకు పేరుపొందినవి. నిజామాబాదు బజారు పసుపునకు పెద్ద అంగడి. జాతీయ పసుపు మండలి ప్రధానస్థానము 2025లో ఆ పట్టణమున ఏర్పడినది. బోధన్‌వైపు చెరకు పండించిరి. 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడువరకు ఆ ప్రాంతపు జీవనమును నడిపినది.

మొదట పసుపును తీసికొందము. పుండునకు పసుపు అద్దుట, పెండ్లికి నలుగు పెట్టుట ఈ నేలలో తరతరాల ఆచారము. 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయమునకు చెందినవారు పుండు మానుటకు పసుపు వాడకముపై పేటెంటు పొందిరి. భారత శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి దానిని ఎదిరింపగా 1997లో ఆ పేటెంటు రద్దయినది. ఆ విజయమును చూపి, పసుపు చర్మమునకు మేలు చేయునని అమెరికాయే ఒప్పుకొన్నదని చెప్పువారున్నారు. అది సరికాదు. ఆ వివాదములో తేలినది ఈ జ్ఞానము క్రొత్తది కాదని. పసుపు చర్మముపై ఎంత పనిచేయునో కొలుచుట వేరు పని. పెంచిన చర్మము అందుకు తగిన సాధనములలో ఒకటి.

కాని పసుపే ఆ సాధనమును చిక్కున పెట్టగలదు. పరీక్షాఫలితము రంగుమార్పుపై ఆధారపడినది గదా! పరీక్షింపబడు పదార్థము తానే రంగుగలదై, చర్మమునకు అంటి నిలిచిపోయినను, లేక ఎమ్‌.టి.టి.ని తానే నేరుగ మార్చగలిగినను, చచ్చిన కణములు బ్రతికినట్లు లెక్కకు రావచ్చును. అందుచేత గడ్డకట్టించి చంపిన చర్మముపై కూడ అదే పదార్థమును వేసి, అక్కడ వచ్చిన రంగును తీసివేసి లెక్కింపవలెనని నియమము కలదు. పసుపువంటి పదార్థమును పరీక్షించిన ఫలితమును చదువునపుడు ఈ జాగ్రత్త తీసికొనిరా అని అడుగుట మొదటి ప్రశ్న. పసుపులోని కుర్కుమిన్ నీటిలో ఇంచుమించుగా కరుగదు. ప్రయోగశాలలో దానిని కరిగించుటకు వాడిన ద్రవమేది అనునది రెండవ ప్రశ్న. వంటింటి పసుపునకు, సారాద్రవములో కరిగించిన కుర్కుమిన్‌కు ఒకే ఫలితము ఆపాదింపరాదు.

కుంకుమ విషయము ఇంకను బోధకరము. పసుపును సున్నపు క్షారముతో ఎర్రబరచి చేయుట పాత పద్ధతి. బజారులో కృత్రిమ రంగులు కలిపిన కుంకుమయు దొరకును. అది కొందరి నుదుట దురదయు, మచ్చయు పుట్టించును. ఇది మంట కాదు, పడకపోవుట. మొదటిసారి తగిలినపుడు ఏమియు కాకపోవచ్చును. రక్షణకణములు ఆ పదార్థమును గుర్తుపెట్టుకొని, తరువాత తగిలినపుడు తిరుగబడును. ఈ జ్ఞాపకము గిన్నెలోని చర్మమునకు లేదు. 42 గంటలలో కణములు చావనంతమాత్రమున ఆ కుంకుమ నిరపాయమనుట సాహసము. పడకపోవుటను గుర్తించుటకు వేరు పరీక్షలు కలవు. వానిలో ఏ ఒక్కటియు చాలదని గ్రహించి, 2021లో అంతర్జాతీయ సంస్థ అనేక పరీక్షల ఫలితములను కలిపి నిర్ణయించు పద్ధతిని ఆమోదించినది.

మందు కొట్టు కూలి చర్మము

ఇక పురుగుమందు. మందు డబ్బాపై రంగు త్రిభుజమును పల్లె విద్యార్థులందరు చూచియుందురు. ఎరుపు అత్యంత విషము, పసుపుపచ్చ అధిక విషము, నీలము మధ్యమము, ఆకుపచ్చ స్వల్పము. 1971 నాటి నియమముల ప్రకారము ఈ రంగులు, పరీక్షాజంతువులలో సగమును చంపుటకు కావలసిన మోతాదునుబట్టి నిర్ణయింపబడినవి. నోటి ద్వారా ఒక లెక్క, చర్మము ద్వారా మరియొక లెక్క కలదు. చర్మము ద్వారా దేహపు బరువులో కిలోకు 200 మిల్లీగ్రాముల లోపుననే చంపునది ఎర్ర త్రిభుజమునకు చెందును.

ఈ త్రిభుజము చెప్పు విషయమును పెంచిన చర్మము చెప్పలేదు. మందు చర్మమును మండించునా అనునది ఒక ప్రశ్న. చర్మమును ఏమియు చేయకయే దానిని దాటి రక్తమున కలిసి నాడులను పట్టునా అనునది వేరు ప్రశ్న. ప్రమాదకరమైన మందులలో కొన్ని మంట పుట్టింపకయే లోనికి పోవును. మంట లేదు కనుక కూలివాడు కడుగుకొనడు. మంట పరీక్షలో నెగ్గిన మందు అతనికి మిత్రుడని ఎట్లు చెప్పగలము?

చర్మమును దాటుటను కొలుచుటకు వేరు పద్ధతి యున్నది. రెండు గాజు అరల నడుమ చర్మపు ముక్కను బిగించి, పై అరలో మందు పోసి, క్రింది అరలోనికి ఎంత దిగినదో కొలుతురు. దీనికి శస్త్రచికిత్సలో లభించిన నిజమైన మానవ చర్మమే మేలు. ఎందుకనగా పెంచిన చర్మపు కొమ్ముపొరలో క్రొవ్వుల అమరిక నిజమైన దానివలె బిగువుగా ఉండదు. అది ఎక్కువ కారును. జాగ్రత్త కోరునపుడు ఈ లోపము అంత హానికరము కాకపోవచ్చును, అది ప్రమాదమును పెంచి చూపునే కాని తగ్గించి చూపదు. కాని సరియైన అంకె కావలసినచోట అది పనికిరాదు.

దేహమంతట చర్మము ఒకేవిధముగా ఉండదనునది మరియొక సంగతి. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అను పరిశోధకులు హైడ్రోకార్టిసోన్ అను మందును మనుష్యుల దేహములో వేర్వేరు చోట్ల పూసి కొలిచిరి. ముంజేతిలో దిగిన పరిమాణమును 1 అనుకొనిన, అరికాలిలో దిగినది 0.14, నుదుట 6, వృషణకోశముపై 42. ఇక వీపున మందుపంపు మోయు కూలిని తలచుకొనవలెను. పంపు కారి వీపు తడియును, లుంగీ తడియును. నిజామాబాదు వేసవిలో 45 డిగ్రీలకు చేరువైన ఎండ. చెమటతో నానిన చర్మము, వేడెక్కిన చర్మము మందును మరింత త్రాగును. చెరకు ఆకు అంచు కోసిన గీతలున్న చేతులకు కోటగోడకే గండి పడినది. గిన్నెలోని అర సెంటీమీటరు చర్మమునకు చెమట లేదు, గీత లేదు, లుంగీ లేదు. దానిపై తేలిన ఫలితమును ఈ కూలికి నేరుగ అన్వయించుట శాస్త్రము కాదు.

డిచ్‌పల్లి చెప్పు పాఠము

నిజామాబాదుకు దక్షిణమున డిచ్‌పల్లి కలదు. 1915లో ఇసబెల్ కెర్ అను వైద్యురాలును, ఆమె భర్త జార్జి కెర్‌యు అక్కడ కుష్ఠురోగుల ఆసుపత్రిని నెలకొల్పిరి. చర్మమును గూర్చి ఆలోచించువారికి ఆ ఆసుపత్రి చరిత్ర ఒక గొప్ప పాఠము.

కుష్ఠు క్రిమిని 1873లో హాన్సెన్ కనుగొనెను. నేటికిని దానిని ఏ కృత్రిమాహారముపైనను పెంచగలిగినవారు లేరు. అది రెండుగా చీలుటకు సుమారు రెండు వారములు పట్టును. ఎలుక పాదమునందు దానిని పరిమితముగా పెంచవచ్చునని షెపర్డ్ 1960లో చూపెను. 1971లో ఆర్మడిల్లో అను జంతువు అందుకు అనువైనదని తేలినది. ఈ జంతువుల సాయముతో మందుల పనితనము, మందుకు లొంగని క్రిములు తెలియవచ్చినవి. కుష్ఠు చర్మవ్యాధిగా కనబడును. దాని దెబ్బ మాత్రము నాడులపై పడును. స్పర్శలేని మచ్చ దాని గుర్తు. ఆరోగ్య కార్యకర్త దూదిపోచతో తాకి, తెలియుచున్నదా అని అడుగునది అందుకే. వేడి తెలియదు కనుక చేయి కాలును. ముల్లు తెలియదు కనుక పాదము పుండగును.

పరీక్షలకు వాడు సామాన్య నమూనాకు ఈ ప్రశ్న వేయుటకే వీలు లేదు. దానిలో నాడి లేదు, స్పర్శ లేదు. స్పర్శ లేని చర్మముపై స్పర్శను హరించు వ్యాధిని ఎట్లు చూచుట? నాడీకణములను, రక్షణకణములను చేర్చి నమూనాలు కట్టు ప్రయత్నములు ప్రపంచమున సాగుచున్నవి. అవి ఫలించిన నాడు ఇట్టి వ్యాధులపై పరిశోధనకు క్రొత్త దారి తెరచుకొనును. అంతవరకు చర్మముపై కనబడు వ్యాధులన్నియు గిన్నెలో అధ్యయనము చేయవచ్చునని పాఠములో చెప్పరాదు.

తీర్పు

ఇంత విచారణ పిమ్మట పెంచిన చర్మము విలువ తగ్గలేదు. దాని హద్దులు తెలిసినవి. దహించునా, మండించునా అను రెండు ప్రశ్నలకు అది కుందేలుకంటె దయగలది, మానవునికి దగ్గరది. సూర్యరశ్మి తగిలినపుడు మాత్రమే హాని చేయు పదార్థములను గుర్తించుటకును 2021లో దానికి ఆమోదము లభించినది. పడకపోవుట, దేహములోనికి దిగుట, నాడులకు హాని, ఏండ్ల తరబడి కొద్దికొద్దిగా తగులుటవలని కీడు, ఈ ప్రశ్నలకు అది ఒంటరిగా జవాబు చెప్పజాలదు.

మన దేశమునకు మరియొక అవసరము కలదు. ఈ చర్మము జీవించియున్న వస్తువు. కొన్ని దినములకన్న నిలువదు. దూరదేశమునుండి విమానమున తెప్పించుకొనుచు పరీక్షలు చేయుట నిలకడైన మార్గము కాదు. హైదరాబాదులోని కణ, అణుజీవశాస్త్ర కేంద్రపు ప్రాంగణమున మానవకణముల నమూనాలను వృద్ధిచేయుటకు ప్రత్యేక కేంద్రము ఏర్పడినది. అట్టి కేంద్రములు అలంకరణ సామగ్రికి చేయు పరీక్షలతో తృప్తిపడక, పొలము చెమటను, వేడిమిని, గీతపడిన చర్మమును అనుకరించు పరీక్షలను కూడ తమ పనిగా పెట్టుకొనవలెను. ముఖమునకు పూయు లేపనము ఎంత సురక్షితమో తెలియుట మంచిదే. పురుగుమందు కూలి వీపును ఎంత దాటునో తెలియుట అంతకంటె తొందరైన అవసరము.

ఉన్నత పాఠశాలలో ఈ పాఠము చెప్పునపుడు ఉపాధ్యాయులు విద్యార్థులచేత నాలుగు ప్రశ్నలు అడిగింపవచ్చును. పరీక్షించినది ఏ ప్రశ్నను? ఎవరి కణములపై? ఎంతసేపు? దేనితో పోల్చి? ఇంటిలోని సబ్బు, తలనూనె, ఎలుకలమందు, పొలములోని మందుడబ్బా, వేనిపైనైనను సురక్షితము అను మాట కనబడినపుడు ఈ నాలుగింటికి జవాబు వెదకుట మంచి అభ్యాసము. ఒక్కదానికైనను జవాబు దొరకనిచో చేతికి తొడుగు వేసికొని, పని ముగిసిన వెంటనే సబ్బుతో కడుగుకొని, తడిసిన బట్టను మార్చుకొనుట అన్ని విధముల క్షేమము.